కష్టమైన ఈత: మేకను, పిల్లలను కాపాడుకునే క్రమం, పోగొట్టుకున్నాక చేయవలసిన పనులు

మా నల్ల ఉస్మానాబాదీ మేక రెండో ఈతలో చనిపోయింది. దాని కడుపులో ఉన్న మూడు పిల్లల్లో రెండు లోపలే పోయాయి. మూడోది రెండు రోజులు బతికి, మూడో నాటి తెల్లవారుజామున గంప కింద చల్లబడి కనిపించింది. తల్లికి శవపరీక్ష చేసిన పశువైద్యుడు గర్భసంచిని కడిగి, వెలుగుకు అడ్డంగా పట్టుకుని, దాని గోడలో నా చూపుడువేలంత పొడవున ఉన్న చిరుగును చూపించారు. ఆ చిరుగు పడింది నా చేతుల్లోనే. రాత్రి పది గంటలకు నీటి తిత్తి పగిలితే, దానంతట అదే ఈనుతుందిలే అని మూడు గంటలు చూస్తూ కూర్చున్నాను. ఒంటి గంటకు రెండు గిట్టలు కనబడగానే అవి ఒకే పిల్లవా కాదా అని చూడకుండా పట్టుకుని లాగాను. అవి రెండు వేర్వేరు పిల్లల కాళ్లు. మొదటి తప్పు ఊరికే కూర్చోవడం, రెండోది తెలియకుండా లాగడం. ఎంతసేపు చూడాలి, ఎప్పుడు చేయి పెట్టాలి, ఎక్కడ చేయి తీసేసి వైద్యుడి కోసం ఫోన్ అందుకోవాలి అన్నదే ఈ మార్గదర్శిలో ప్రధాన విషయం. ఇంత చేసినా ప్రాణం నిలవనప్పుడు ఆ రోజునే చేయవలసిన పనులు కొన్ని ఉంటాయి కనుక వాటిని కూడా క్రమంగా రాశాను.

ముందుగా: తేదీ తెలిసి ఉండడం

మేక చూడి కాలం సుమారు 150 రోజులు, అటూ ఇటూ ఐదు రోజులు. జూన్ 1న పోతు దాటితే అక్టోబరు 29 ప్రాంతంలో ఈనాలి. మందలో పోతును ఎప్పుడూ కలిపే ఉంచేవారికి ఈ తేదీ తెలియదు, తెలియనప్పుడు ఈత ఎప్పుడూ అర్ధరాత్రి ఆశ్చర్యంగానే వస్తుంది. దాటిన రోజును గోడ మీద బొగ్గుతో రాసుకున్నా సరే, రాసుకోవడం ముఖ్యం. మన ప్రాంతంలో తొలకరి పచ్చిమేతకు ఎదకు వచ్చిన మేకలు చాలావరకు కార్తీక, మార్గశిర మాసాల చలిలో ఈనుతాయి కాబట్టి, పిల్లలు పుట్టే చోటు గాలి కొట్టకుండా, పొడిగా ఉండాలన్న జాగ్రత్త కూడా తేదీతోనే ముడిపడి ఉంటుంది.

కష్ట ప్రసవాలు కొన్ని దాటించిన రోజునే మొదలవుతాయి. చిన్న శరీరం గల నాటు మేకకు బీటల్, జమునాపారీ, బోయర్ వంటి పెద్ద జాతి పోతును కలిపితే పిల్ల బరువెక్కి దారి ఇరుకవుతుంది. ముఖ్యంగా తొలిచూలు మేకకు ఈ పని చేయకూడదు. ఆరేడు నెలలకే ఎదకు వచ్చిన పిల్లమేకను మందలో వదిలేసి చూడి కట్టనివ్వడం కూడా ఇలాంటి పొరపాటే. ఏడాది వయసు దగ్గరపడి, శరీరం నిండిన తర్వాతే దాటించాలి.

కడుపులో పిల్ల పెరుగుదలలో ఎక్కువ భాగం చివరి ఆరేడు వారాల్లో జరుగుతుంది. ఆ రోజుల్లో రోజుకు 200 నుంచి 300 గ్రాముల దాణా, ఖనిజ లవణ మిశ్రమం, మంచి పచ్చిమేత, కొంచెం నడక అవసరం. కవలలు, ముగ్గురు పిల్లలు ఉన్న మేక చివరి నెలలో మేత మానేసి, మందకు వెనకబడి, పళ్లు కొరుకుతూ ముడుచుకుని నిలబడితే, అది అలసట అనుకుని వదిలేయవద్దు. పిల్లలకు కావలసిన శక్తి మేత నుంచి అందక తల్లి ఒంట్లోని కొవ్వు కరిగి రక్తం విషమయ్యే జబ్బుకు అవి తొలి గుర్తులు. అలాంటి మేకకు ఈనే సమయంలో నొప్పులు తీసుకునే బలం ఉండదు. ఆ రోజే పశువైద్యుడికి చూపించాలి. అదే చివరి నెలలో, ఈతకు మూడు నాలుగు వారాల ముందు చిటుకు రోగం (పేగుల్లో విషం పుట్టి ఉన్నట్టుండి చంపే జబ్బు) టీకా వేయిస్తే దాని రక్షణ ముర్రుపాల ద్వారా పిల్లలకు కూడా అందుతుంది.

దగ్గర ఉంచుకోవలసిన సామాను

ఒక డబ్బాలో ఇవి సర్ది, చూరు కింద వేలాడదీయండి: చేతి తొడుగులు నాలుగైదు జతలు, కొత్త సబ్బు, అయోడిన్ టింక్చర్, పొవిడోన్ అయోడిన్ ద్రావణం, లిక్విడ్ పారాఫిన్ లేదా కొబ్బరినూనె, వేడినీళ్లలో మరిగించి ఆరబెట్టిన రెండు మూరల మెత్తటి నూలు తాళ్లు రెండు, పాత నూలు బట్టలు, గడియారం ఉన్న ఫోన్, థర్మామీటరు, పాలసీసా, టార్చిలైటు. పశువైద్యుడి నంబరు డబ్బా మూత మీద రాసి ఉంచాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సేవ అందుతుంది. అయితే అర్ధరాత్రి కష్టానికి దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడకుండా, మండలంలోని వైద్యుడు గానీ పక్క మండలంలో ప్రైవేటుగా చేసే వైద్యుడు గానీ రాత్రివేళ వస్తారా, లేకపోతే మేకను ఎక్కడికి తీసుకెళ్లాలి, ఏ ఆటో దొరుకుతుంది అన్నది ఈతకు వారం ముందే తేల్చుకోవాలి. ఆ రాత్రి నా దగ్గర తాళ్లు లేవు, నూనె వంటింట్లో ఉంది, నంబరు ఎవరినో అడిగి తెలుసుకోవలసి వచ్చింది.

గడియారం చూడడం

ఈతకు ఒకటి రెండు రోజుల ముందు తోక మొదట్లో ఇరువైపులా ఉన్న కండరాలు వదులై గుంటలు పడతాయి, పొదుగు బిగుస్తుంది, మేక మంద వదిలి మూల వెతుక్కుంటుంది. నొప్పుల తొలి దశలో లేచి కూర్చుంటూ, కాలితో నేల గీరుతూ, తన పక్కలను తాను చూసుకుంటుంది. ఈ దశ రెండు గంటల నుంచి పన్నెండు గంటల వరకు సాగవచ్చు, తొలిచూలుకు ఇంకాస్త ఎక్కువ పడుతుంది. ఇంతవరకు తొందర అక్కరలేదు. నీళ్లు అందుబాటులో పెట్టి, కుక్కలను, పిల్లలను దూరంగా ఉంచి, మీరు కూడా కాస్త దూరంగా కూర్చోండి.

గట్టిగా ముక్కడం మొదలైన క్షణం నుంచి లెక్క మారుతుంది. గట్టి నొప్పులు అరగంట వచ్చినా గిట్టలు గానీ మూతి గానీ కనబడకపోతే లోపల చూడాలి. నీటి తిత్తి పగిలి గంట గడిచినా ఏమీ ముందుకు సాగకపోతే చూడాలి. ఒక పిల్ల పుట్టి, తల్లి మళ్లీ ముక్కుతూ అరగంటైనా రెండోది రాకపోతే చూడాలి. మూతి బయటికి వచ్చి కాళ్లు రాకపోయినా, ఒక్క కాలే వచ్చినా, తోక మాత్రమే కనిపించినా గడియారంతో పని లేదు, వెంటనే చూడాలి. దుర్వాసనతో ముదురు గోధుమ రంగు ద్రవం కారుతుంటే లోపల పిల్ల చనిపోయి కొంత కాలమైందని అర్థం, అది నేరుగా వైద్యుడి పని. ముక్కుతూ ముక్కుతూ మేక ఉన్నట్టుండి శాంతించి పడుకుంటే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. నేను కూడా అలాగే అనుకున్నాను. అది విశ్రాంతి కాదు, బలం అయిపోవడం.

చేయి పెట్టి చూడడం

మొదట ఎవరి చేయి అన్నది తేల్చుకోవాలి. ఇంట్లో సన్నటి చేయి ఉన్న ఆడమనిషి ఉంటే ఈ పనికి ఆమే తగిన మనిషి. మగవాళ్ల అహం ఇక్కడ మేక ప్రాణానికి అడ్డు. అయితే గర్భిణులు ఈ పని దగ్గరికి అసలు రాకూడదు, దానికి కారణం తర్వాత చెబుతాను. గోళ్లు కత్తిరించి, ఉంగరాలు, గాజులు తీసి, మోచేయి వరకు సబ్బుతో రెండుసార్లు కడగాలి. మేక తోక కింది భాగాన్ని కూడా సబ్బునీళ్లతో, ఆపైన పొవిడోన్ అయోడిన్ కొద్దిగా కలిపిన గోరువెచ్చటి నీళ్లతో కడగాలి. తొడుగు వేసుకుని, దాని మీద నూనె ధారాళంగా రాసి, ఐదు వేళ్లను తామరమొగ్గలా ముడిచి, నొప్పికి నొప్పికి మధ్య మెల్లగా లోపలికి పంపాలి. నొప్పి వచ్చినప్పుడు చేయి కదపకుండా ఆపాలి. ఒకరు మేక తల వైపు కూర్చుని పట్టుకోవాలి.

మొదట వేళ్లకు తెలియవలసింది దారి తెరుచుకుందా లేదా అన్నది. గర్భసంచి మూతి రెండు మూడు వేళ్లే పట్టేంత ఉండి, అంచు గట్టి ఉంగరంలా తగిలితే, అక్కడితో ఆపండి. దాన్ని వేళ్లతో సాగదీసి తెరవబోతే చిరుగుతుంది. దారి మెలితిరిగి ముడతలు ముడతలుగా తగిలితే గర్భసంచి మెలిపడిందని అనుమానించాలి, అది కూడా చేతితో తేలే పని కాదు.

దారి తెరిచి ఉంటే, తగులుతున్నది ముందుకాలా వెనకకాలా అన్నది తేల్చుకోవాలి. గిట్ట నుంచి పైకి వెళ్తే మొదటి రెండు కీళ్లు ఒకే వైపుకు మడిస్తే అది ముందుకాలు. మొదటి కీలు ఒకవైపుకు, రెండోది దానికి ఎదురుగా మడిస్తే వెనకకాలు. మోకాలు గుండ్రంగా చేతికి తగులుతుంది, వెనక కాలి మడమ కీలు మొనదేలి ఉంటుంది. మందలో ఉన్న పిల్ల ముందుకాళ్లను, వెనకకాళ్లను ముందే కళ్లు మూసుకుని తడిమి, పోల్చి నేర్చుకోవచ్చు. వినడానికి వింతగా ఉన్నా, చీకట్లో వేళ్లతో చదవవలసిన పాఠానికి అంతకంటే మంచి సాధన లేదు.

ఇక నేను చేయకుండా వదిలేసిన పని. రెండు గిట్టలు దొరికినంత మాత్రాన లాగకూడదు. ఒక కాలి వెంట వేళ్లు పైకి జరిపి భుజం దగ్గరికి వెళ్లాలి, భుజం నుంచి ఛాతీ మీదుగా అవతలి భుజానికి, అక్కడి నుంచి రెండో కాలి వెంట కిందికి దిగి గిట్టను చేరాలి. మీ వేళ్లు మొదలుపెట్టిన పిల్ల ఒంటి మీదనే నడిచి రెండో గిట్టకు చేరితే ఆ రెండు కాళ్లు ఒక్క పిల్లవే. మధ్యలో దారి తెగిపోయినా, ఇంకో ఒళ్లు తగిలినా, అక్కడ ఇద్దరు పిల్లలు చిక్కుకున్నారు. తల కూడా ఆ ఒంటిదేనా అని మెడ వెంట ఇలాగే చూసుకోవాలి. ఈ తడమడానికి పట్టే సమయం రెండు మూడు నిమిషాలు.

పిల్ల బతికుందో లేదో కూడా ఇప్పుడే తెలుస్తుంది. గిట్టల సందున గిల్లితే కాలు వెనక్కి తీసుకుంటుంది, నోట్లో వేలు పెడితే నాలుక కదుపుతుంది, ఛాతీ మీద వేలు ఆనిస్తే గుండె కొట్టుకోవడం తెలుస్తుంది. తల బయటికి వచ్చి నాలుక వాచి నీలంగా వేలాడుతున్నంత మాత్రాన చనిపోయిందని అనుకోవద్దు. అలాంటి పిల్లలు బతికిన సందర్భాలు ఉన్నాయి.

ఏ పిల్ల ఎలా ఉంటే ఏం చేయాలి

రెండు ముందుకాళ్లు, వాటి మీద మూతి ఉంటే సహజమైన భంగిమ. రెండు వెనకకాళ్లు ముందు వచ్చినా మేకల్లో దాన్ని దాదాపు సహజమనే చెప్పాలి, కానీ నడుము దాటాక ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే తల ఇంకా లోపల ఉండగానే బొడ్డుతాడు నలిగిపోయి పిల్ల ద్రవాన్ని పీల్చుకుంటుంది.

మిగతా అన్నిటికీ మూలసూత్రం ఒకటే: సరిచేయాలంటే ముందు పిల్లను లోపలికి, నొప్పి లేని సమయంలో, మెల్లగా వెనక్కి నెట్టి చోటు చేసుకోవాలి. ఒక ముందుకాలు వెనక్కి మడిచి ఉంటే, పిల్ల ఛాతీ మీద అరచేయి ఆనించి వెనక్కి నెట్టి, మోకాలు పట్టి పైకి తెచ్చి, గిట్టను మీ గుప్పిటలో దాచుకుని ముందుకు తీయాలి. గిట్టను గుప్పిటలో మూయడం మరిచిపోతే దాని మొన గర్భసంచిని గీరుతుంది. తల పక్కకు తిరిగి ఉంటే, ఇదే విధంగా నెట్టి, మూతిని అరచేతిలోకి తీసుకుని దారి వైపు తిప్పాలి. దవడ ఎముకను పట్టి లాగితే విరుగుతుంది. తాడు వేయవలసి వస్తే చెవుల వెనక నుంచి నోటి గుండా వేయాలి, మెడకు ఎన్నడూ ఉచ్చు వేయకూడదు. తోక మాత్రమే తగిలితే, అంటే వెనకకాళ్లు రెండూ పొట్ట కిందికి ముడిచి ఉంటే, పిల్లను లోపలికి నెట్టి, మడమ కీలును ముడిచి, గిట్టను గుప్పిట్లో పట్టి ఒక్కొక్క కాలినే బయటికి తీయాలి. ఇది కష్టమైన పని, మొదటిసారి చేసేవాళ్లు వైద్యుడు దగ్గర్లో ఉంటే ప్రయత్నించకపోవడమే మేలు. ఇద్దరు పిల్లలు ఒకేసారి దారిలోకి వచ్చినప్పుడు, ఏది బయటికి దగ్గరగా ఉందో చూసి దాని కాళ్లకు నూలుతాళ్లు వదులుగా కట్టి గుర్తు పెట్టుకుని, రెండోదాన్ని వెనక్కి నెట్టాలి.

లాగవలసి వచ్చినప్పుడు నొప్పితో పాటే లాగాలి, నొప్పి ఆగితే మీరు కూడా ఆగాలి. ఒక కాలు కాస్త, రెండో కాలు కాస్త మార్చి మార్చి లాగితే భుజాలు ఒకదాని తర్వాత ఒకటి దాటుతాయి. లాగే దిశ నేరుగా వెనక్కి కాదు, వెనక్కి తీసి మేక మడమల వైపు కిందికి వంచాలి. ఒక్క మనిషి చేతుల బలం కంటే ఎక్కువ బలం ఎన్నడూ వాడకూడదు. ఇద్దరు కలిసి లాగితే పిల్ల రావచ్చు, దానితో పాటు తల్లి ప్రాణం కూడా పోవచ్చు.

చేయి తీసేయవలసిన సమయం

పది పదిహేను నిమిషాలు సరిచేయడానికి ప్రయత్నించి ముందడుగు పడకపోతే ఆపి ఫోన్ చేయాలి. గర్భసంచి మూతి తెరవకపోయినా, గర్భసంచి మెలిపడినా, పిల్ల దారి కంటే పెద్దదైనా, పిల్ల చనిపోయి ఉబ్బినా, ఎర్రటి తాజా రక్తం ధారగా వచ్చినా, ఒక్క నిమిషం కూడా ప్రయత్నించకుండా ఫోన్ చేయాలి. వైద్యుడు మత్తు ఇచ్చి ఎడమ పక్కన పొట్ట కోసి పిల్లలను తీసే శస్త్రచికిత్స మేకల్లో సాధారణంగా జరిగేదే. మేక ధరతో పోలిస్తే ఖర్చు ఎక్కువని వెనుకాడేవాళ్లు ఉన్నారు, ఆ లెక్కను నేను తప్పు పట్టను. కానీ ఆ నిర్ణయం నొప్పులు మొదలైన రెండో గంటలో తీసుకుంటే దానికి విలువ ఉంటుంది. చేతులు నలుగురివి మారి, పన్నెండు గంటలు గడిచి, దారంతా వాచిపోయాక ఆసుపత్రికి తీసుకెళ్లి, ఆపరేషన్ చేసినా బతకలేదని చెప్పుకోవడంలో అర్థం లేదు.

ఆక్సిటోసిన్ సూది గురించి విడిగా చెప్పాలి. నొప్పులు రావడానికని ఊళ్లలో దీన్ని వేసేవాళ్లు, వేయించుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దారి తెరవకముందు గానీ, పిల్ల అడ్డం తిరిగి ఉన్నప్పుడు గానీ ఈ సూది వేస్తే గర్భసంచి బిగుసుకుని, బయటికి దారిలేని పిల్ల మీద తానే చిరిగిపోతుంది. పిల్లలన్నీ వచ్చాక, లోపల ఇంకొకటి లేదని తేలాక, వైద్యుడు వేయవలసిన మందు అది.

వైద్యుడు వచ్చేలోగా మేకను నిలబెట్టి ఉంచండి లేదా కాస్త ముందుభాగం పల్లంగా ఉండేట్టు పడుకోబెట్టండి, పిల్ల బరువు దారి మీద నుంచి తగ్గుతుంది. గోరువెచ్చటి బెల్లం నీళ్లు తానంతట తాను తాగితే తాగనివ్వండి, గొంతులో పోయవద్దు. ఎవరెవరు ఎన్నిసార్లు చేయి పెట్టారో, ఏ సూది వేశారో వైద్యుడికి దాచకుండా చెప్పండి.

పిల్ల నేల తాకిన తర్వాత

ముక్కు, నోటి జిగురు వేళ్లతో తీసి, పొడి బట్టతో ఛాతీని గట్టిగా రుద్దాలి. ఊపిరి రాకపోతే శుభ్రమైన గడ్డిపరకతో ముక్కులో గిలిగింత పెడితే తుమ్మి ఊపిరి అందుకుంటుంది. బొడ్డుతాడును రెండు అంగుళాలు వదిలి, తెగిన చివరను అయోడిన్ టింక్చర్ నిండిన చిన్న సీసాలో ముంచాలి, పైపైన చుక్కలు వేస్తే సరిపోదు.

ముర్రుపాలు మొదటి గంట రెండు గంటల్లోనే అందాలి. పుట్టిన రోజంతా కలిపి పిల్ల బరువులో పదో వంతు, అంటే 2 కిలోల పిల్లకు సుమారు 200 మిల్లీలీటర్లు, నాలుగైదు సార్లుగా అందాలి. గంటలు గడిచేకొద్దీ పిల్ల పేగు ఆ పాలలోని రక్షణను గుంజుకునే శక్తి కోల్పోతుంది. మా మూడో పిల్ల బతికి పుట్టింది. తల్లి లేవలేని స్థితిలో ఉన్నా పొదుగు నిండుగానే ఉంది. అందరం తల్లి చుట్టూ ఉండిపోయి, దాని పొదుగు పిండి పిల్లకు పట్టాలన్న ఆలోచన తెల్లవారి ఎనిమిదింటికి గానీ ఎవరికీ రాలేదు.

నోట్లో వేలు పెడితే చల్లగా తగిలే పిల్లకు పాలు పట్టకూడదు. థర్మామీటరు 99 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే తక్కువ చూపిస్తే ముందు వెచ్చబరచాలి: వేడినీళ్ల సీసాలను బట్టలో చుట్టి పక్కన పెట్టడం, పొడి గోనె, అట్టపెట్టె, పైన దీపం. ఒళ్లు వెచ్చబడి చప్పరించడం మొదలుపెట్టాకే పాలు. సీసాతో పట్టేటప్పుడు పిల్ల నిలబడి, తల్లి దగ్గర తాగే ఎత్తులోనే మూతి ఉండాలి, తల వెనక్కి వంచితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల్లి పోతే అదే రోజు ఈనిన ఇంకో మేక ముర్రుపాలు పనికివస్తాయి. పాడిమేకలున్నవాళ్లు మిగిలిన ముర్రుపాలను చిన్న సీసాల్లో గడ్డకట్టించి దాచుకోవడం మంచి అలవాటు, వాడేటప్పుడు గోరువెచ్చటి నీళ్లలో పెట్టి కరిగించాలి, పొయ్యి మీద కాచకూడదు.

తల్లికి మొదటి మూడు రోజులు

చివరి పిల్ల వచ్చిందనుకున్నాక, మేక వెనక నిలబడి పొదుగుకు ముందు పొట్ట కింద రెండు చేతులు కలిపి ఒక్కసారి పైకి ఎత్తి వదలండి. గట్టి ముద్ద చేతికి తగిలితే ఇంకో పిల్ల ఉంది. మాయ మామూలుగా కొన్ని గంటల్లో పడుతుంది. పన్నెండు గంటలు దాటితే వైద్యుడు చూడాలి. వేలాడే మాయకు రాయి కట్టడం, చేత్తో లాగడం మానండి, రక్తస్రావం అవుతుంది, గర్భసంచి కూడా దానితో జారవచ్చు. మెయ్య దిగితే, అంటే గర్భసంచి బయటికి జారితే, దాన్ని మట్టి అంటకుండా తడి శుభ్రమైన బట్టలో చుట్టి, మేక వెనకభాగం ఎత్తులో ఉండేట్టు నిలిపి, వైద్యుడు వచ్చేవరకు అలాగే కాపాడాలి.

చేయి పెట్టి పిల్లను తీసిన ప్రతి మేకకూ యాంటీబయాటిక్, నొప్పి తగ్గించే మందు ఎంత మోతాదులో ఎన్ని రోజులు కావాలో వైద్యుడినే అడగాలి. ఉదయం, సాయంత్రం ఉష్ణోగ్రత రాసుకోండి. 104 డిగ్రీలు దాటి, మేత ముట్టక, దుర్వాసన గల ద్రవం కారుతుంటే గర్భసంచి చీము పడుతోందని అర్థం. వాసన లేని ఎర్రటి, గోధుమ రంగు ద్రవం రెండు వారాల వరకు కొద్దిగా కారడం సహజమే. చిగుళ్లు, కనురెప్ప లోపలి పొర సున్నంలా తెల్లబడి, చెవులు చల్లబడి, పొట్ట ఉబ్బితే లోపల రక్తం కారుతుందేమో అనుకోవాలి. మా మేక తెల్లవారేసరికి ఇలాగే ఉంది, మధ్యాహ్నానికి పోయింది. అలాంటి స్థితిలో వైద్యుడు ఇక బతకదని చెబితే, నొప్పి లేకుండా పంపే సూది అడగడం తప్పు కాదు. మందులు వేసిన, జబ్బుతో ఉన్న మేకను చివరి నిమిషంలో కోతకు అమ్మడం మాత్రం చేయకూడదు. కోసేవాడికీ, తినేవాడికీ అది హాని.

పిల్లలు పోయి తల్లి బతికితే అది రెండు మూడు రోజులు అరుస్తూ వెతుకుతుంది. తల్లిలేని పిల్ల మందలో ఉంటే ఇదే అదను. ఈతనాటి ద్రవాన్ని ఆ పిల్ల ఒంటికి రాసి, మేకను కట్టేసి తాగనిస్తే చాలా మేకలు ఒకటి రెండు రోజుల్లో ఒప్పుకుంటాయి. గొర్రెల కాపరులు చనిపోయిన పిల్ల తోలును బతికిన పిల్లకు కప్పే పద్ధతి కూడా ఇదే, అయితే పిల్ల అంటుజబ్బుతో పోయిందన్న అనుమానం ఉంటే ఈ పని చేయవద్దు. దత్తత పిల్ల దొరకకపోతే పొదుగు రాయిలా బిగుసుకోకుండా ఒత్తిడి తగ్గేంత మాత్రమే పిండుతూ, దాణా తగ్గించి పాలు ఎండగట్టాలి.

ప్రాణం పోయిన తర్వాత, అదే రోజు

ముందుగా ముట్టుకోకూడని సందర్భం ఒకటి గుర్తుంచుకోవాలి. మేక ఉన్నట్టుండి చనిపోయి, ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. ఆ కళేబరాన్ని కోయనివ్వకుండా, కదపకుండా వైద్యుడికి చెప్పాలి.

మిగతా సందర్భాల్లో శవపరీక్ష చేయించండి. మన ఎండల్లో కొన్ని గంటలకే లోపలి అవయవాలు కుళ్లి ఏమీ తెలియదు కాబట్టి పొద్దుగూకే వరకు ఆగకూడదు. పిల్లలు నెలలు నిండకుండా ఈసుకుపోయినా, చచ్చి పుట్టినా, ఒకే మందలో ఇది రెండోసారి జరిగినా ఈ పరీక్ష తప్పనిసరి. బ్రూసెల్లా, క్లమీడియా, టాక్సోప్లాస్మా, క్యూ జ్వరం క్రిములు మాయలో, ఉమ్మనీటిలో ఉంటాయి, మనుషులకు కూడా సోకుతాయి, గర్భిణికి గర్భస్రావం కలిగించేవి కూడా వీటిలో ఉన్నాయి. గర్భిణులు దగ్గరికి రాకూడదన్నది ఇందుకే. మాయను, చనిపోయిన పిల్లను తొడుగు లేకుండా ముట్టుకోవద్దు, కుక్కలకు వేయవద్దు. ఆ మేక పాలు కాచకుండా తాగవద్దు. తర్వాత వారాల్లో ఇంట్లో ఎవరికైనా వచ్చిపోయే జ్వరం, కీళ్లనొప్పులు మొదలైతే, మేక ఈసుకుపోయిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. మిగిలిన మేకలకు బ్రూసెల్లా ఉందో లేదో తెలుసుకోవడానికి రోజ్ బెంగాల్ అనే రక్తపరీక్ష ఉంది. నమూనాలు ఎలా తీసి ఏ ప్రయోగశాలకు పంపాలో స్థానిక పశువైద్యశాల చెబుతుంది.

బీమా ఉంటే పూడ్చకముందే కంపెనీకి సమాచారం ఇవ్వాలి. చెవిపోగు స్పష్టంగా కనబడే ఫోటోలు, వైద్యుడి శవపరీక్ష నివేదిక ఉండాలి. పోగు ఊడిపోయిన మేకకు పరిహారం రాదు. జాతీయ పశుసంపద మిషన్ కింద 2024లో చేసిన మార్పుతో రైతు కట్టవలసిన వాటా ప్రీమియంలో 15 శాతానికి తగ్గింది, ఇంకా చేయించనివాళ్లు పశువైద్యశాలలో అడగవచ్చు.

పూడ్చడానికి బావికి, చెరువుకు, బోరుకు దూరంగా ఆరడుగుల గొయ్యి తవ్వాలి. కళేబరం, మాయ, తడిసిన గడ్డి, వాడిన తొడుగులు అన్నీ అందులోనే వేసి, పైన సున్నం చల్లి, మట్టి కప్పి, కుక్కలు తవ్వకుండా తుమ్మకంపలు పరిచి బండలు పెట్టాలి. మేం మొదట మూడడుగులే తవ్వాం. రెండో రాత్రి కుక్కలు గీరిన గుర్తులు చూసి మళ్లీ తవ్వవలసి వచ్చింది, ఆ పని ఎవరికీ రాకూడదు.

మందలో తర్వాత

ఈనిన చోటి పైమట్టిని జానెడు లోతున తీసి గొయ్యిలో వేయండి, కొత్త మట్టి పోసి, సున్నం చల్లి, ఎండ తగలనివ్వండి. రెండు మూడు వారాలు అక్కడ ఇంకో చూడి మేకను కట్టవద్దు. కష్టపడి బతికిన మేకను కనీసం మూడు నెలలు పోతుకు దూరంగా ఉంచాలి. గర్భసంచి మూతి తెరవక ఆపరేషన్ దాకా వెళ్లిన మేకను, కటి ఇరుకుగా ఉన్న మేకను మళ్లీ చూడి కట్టించకపోవడమే నా సలహా. ఎంత పాలిచ్చే మేకైనా సరే.

నోటు పుస్తకంలో ఆ రాత్రి గంటల వారీగా రాసి పెట్టండి: నీటి తిత్తి ఎప్పుడు, ముక్కడం ఎప్పుడు, ఎవరు ఎప్పుడు చేయి పెట్టారు, ఏం తగిలింది, వైద్యుడికి ఫోన్ ఎన్ని గంటలకు. నా పుస్తకంలో ఆ పేజీలో పదింటి నుంచి ఒంటి గంట వరకు ఒక్క వాక్యం కూడా లేదు. దాని కింద, ఏడాది తర్వాత ఈనిన, దానికి చెల్లెలైన మేక వివరం ఉంది: ముక్కడం 8.10, తోక తగిలింది 8.45, ఫోన్ 8.50, వైద్యుడు 9.40, రెండు పోతుపిల్లలు.